అటూ ఇటూ ముప్పై

ఆ ఏడాది మా ఊరు రెండు పార్టీలుగా చీలిపోయింది. ఎన్నికలొచ్చి కాదు. ఎన్నికలకైతే మేము ఐదారు పార్టీలుగా చీలుతాం, అది మామూలే. ఈసారి చీల్చింది ఒక చిన్న గుర్తు. కూడిక గుర్తు వేసి, దాని కాళ్ల కింద అడ్డంగా ఒక గీత గీస్తారే, అది. ఇలోయిలో పట్నం నుంచి వచ్చిన కాగితం మీద ఉందది. పైనున్న కూడికను నమ్మినవాళ్లు కూడిక పార్టీ. కిందున్న గీతను నమ్మినవాళ్లు తీసివేత పార్టీ. ఇన్నేళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని కొబ్బరి కల్లు తాగిన మగవాళ్లు బల్లలు వేరు చేసుకున్నారు. నేను ఏ పార్టీయో తర్వాత చెప్తాను, ముందు గోడ సంగతి చెప్పాలి.

అంతకు ముందు ఏడు వచ్చిన తుఫాను మా ఊరి ప్రసూతి గదిని ఎత్తుకుపోయింది. రేకుల కప్పు పక్క ఊరి వరిచేలో దొరికింది. వెదురు దడి గోడలు అసలు దొరకనే లేదు. అవి సముద్రం దాటి ఏ దీవిలోనో ఇంకెవరి కాన్పో చూస్తూ ఉంటాయి. ఈసారి సిమెంటు ఇటుకలతో, మధ్యలో బోలుగా ఉంటాయే వాటితో, గట్టిగా కట్టాలని నిర్ణయించారు. ఇటుకలు పోసేది మా తమ్ముడు మెల్చోర్. పోసేది మెల్చోర్ అని బోర్డు మీద ఉంటుంది గాని, ఇసుక జల్లెడ పట్టేదీ, సిమెంటు కలిపేదీ, అచ్చులో కూరేదీ అతని భార్య క్రిసాంతా. మా తమ్ముడు ఆరిన ఇటుకలను వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విని, "ఊఁ" అనేవాడు. అది కూడా పనే అని అతని నమ్మకం.

గోడ కట్టే ముందు ఇటుకలకు బలం పరీక్ష చేయించాలి, అది నియమం. అయిదు వందలు రావాలి. ఏం అయిదు వందలో నన్ను అడక్కండి. ఇటుక మీద ఎంత బరువు మోపితే పగులుతుందో, దానికి వాళ్లు పెట్టుకున్న లెక్క అది. అయిదు వందలు దాటితే మంచి ఇటుక, దాటకపోతే కాదు. అంతవరకే నాకు తెలుసు, ఊళ్లో అందరికీ తెలిసిందీ అంతే.

మా తమ్ముడు పరీక్ష దాకా ఆగలేదు. మేస్త్రీ బెర్తోల్దో ఆ నెలే ఖాళీగా ఉన్నాడు. "మన ఇటుకలకు పరీక్షేంటి, నేను విన్నాగా!" అని గోడ మొదలుపెట్టించేశాడు. కిటికీ ఎత్తు వచ్చేదాకా ఊరి పెద్ద, కపితాన్ తియోదులో, చూసుకోలేదు. చూసుకున్నాక మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు. కపితాన్‌కు ఒక్కగానొక్క కూతురు రొసెందా. ఆ పిల్లకు అప్పుడు ఆరో నెల కడుపు.

"ముందు గోడ కట్టి తర్వాత పరీక్ష చేయిస్తావా? పెళ్లి చేసుకుని ఆ తర్వాత పిల్ల పేరేంటని అడిగినట్టుంది!" అని అరిచాడు.

"కోప్పడకు కప్. ఇవి రాళ్లు, ఇటుకలు కావు," అన్నాడు మా తమ్ముడు. కపితాన్‌ను ఊళ్లో అందరం కప్ అనే పిలుస్తాం.

"రాళ్లో రప్పలో కాగితం తేల్చాలి. పరీక్ష తప్పిందా, ఈ గోడ నువ్వే పగలగొట్టాలి. కూలివాణ్ణి పెడతానంటే ఒప్పుకోను. నీ చేత్తో, ఊరంతా చూస్తుండగా."

"అలాగే!"

మా తమ్ముడికి చిన్నప్పటినుంచీ అంతే. ఆలోచించి చెప్తాను అనే మాట నోరు తిరగదు. క్రిసాంతా చేతిలో తట్ట అక్కడే పడేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ గోడలో ఉన్న ప్రతి ఇటుకా ఆమె కూరిందే. కాని గోడ మీద ప్రేమ మాత్రం మెల్చోర్‌కే ఎక్కువ. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని వెళ్లి, దానికి వీపు ఆనించి, సొంత తండ్రి ఒడిలో కూర్చున్నట్టు కూర్చుని తాగేవాడు. ఆ గోడను తానే సుత్తితో కొట్టడమన్న మాట వింటే ఎముకల్లో జ్వరం పుట్టేది వాడికి. అది నాకు తెలుసు. వాడు ఎన్నడూ పైకి చెప్పలేదనుకోండి.

పరీక్షకు అయిదు ఇటుకలు తీసుకురమ్మన్నారు. మా తమ్ముడు పుచ్చకాయలు ఎంచినట్టు ఒక పూటంతా కొట్టి, విని, అయిదు ఎంచాడు. కొబ్బరి పీచుతో తోమాడు. అంతటితో ఆగినా బాగుండేది. సిమెంటు పని తెలిసిన వాళ్లందరూ పోసిన ఇటుకకు రోజూ నీళ్లు కొడతారు. తడిపినకొద్దీ గట్టిపడుతుందని చెప్తారు. మా తమ్ముడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. కొంచెం తడిపితే అంత బలం వస్తే, పూర్తిగా ముంచితే ఎంత రావాలి? అయిదింటినీ నీళ్ల డ్రమ్ములో వేసి, పట్నం పోయే జీప్నీ బండి హారను వినపడేదాకా తీయలేదు.

"పరీక్షకు పోయే పిల్లాడి నోట్లో బడి గుమ్మం దాకా ముద్దలు కుక్కినట్టుంది నీ వాలకం," అంది క్రిసాంతా.

"బలం విషయంలో ఆడవాళ్లు మాట్లాడకూడదు," అన్నాడు, ఆమె కూరిన ఇటుకలను తుడుస్తూ.

తోడు నేనూ వెళ్లాను. పట్నంలో కంటి డాక్టరుకు చూపించుకోవాల్సి ఉంది, పైగా పరీక్ష చేసే ఇంజనీరుకు ఇవ్వడానికి ఒక నాటుకోడిని నా ఒళ్లో పెట్టారు. ఇటుకలను తడి గోనెల్లో చుట్టి జీప్నీలో సీటు కింద పెట్టాడు. కాసేపటికి ఎదురు సీటులో కూర్చున్న ఆవిడ కాళ్లు పైకెత్తింది.

"అయ్యా, నీ చేపలు కారుతున్నాయి."

"చేపలు కావండీ, ఇటుకలు."

"ఇటుకలెందుకు కారతాయి?"

"పరీక్షకు వెళ్తున్నాయి," అన్నాడు మా తమ్ముడు గంభీరంగా. ఆవిడ నా వైపు, నా ఒళ్లోని కోడి వైపు చూసి, తర్వాతి స్టాపులోనే దిగిపోయింది. అది ఆవిడ దిగాల్సిన స్టాపు కాదని నా అనుమానం.

పరీక్షలు చేసే ఇంజనీరు పేరు జోవెలిన్. ముప్పై ఏళ్లుంటాయి, జుట్టు నెత్తిమీద ముడి వేసుకుని, కాళ్లకు మగవాళ్ల బూట్లు. కోడిని చూసి, "వద్దు లోలా, పరీక్ష ముందు ఏదీ తీసుకోకూడదు," అంది. ముసలమ్మలను లోలా అనీ, పెద్ద వయసు మగవాళ్లను నోంగ్ అనీ పిలవడం మా వైపు మర్యాద.

"అయితే తర్వాత తీసుకో అమ్మా."

"తర్వాతా తీసుకోకూడదు."

"అయితే మధ్యలో?"

నవ్వి ఊరుకుంది. గోనె విప్పి ఇటుక మీద చెయ్యి పెట్టింది. "ఇవి తడిగా ఉన్నాయే. దారిలో వానేమైనా పడిందా? నోంగ్ మెల్చోర్, కొన్నాళ్లు ఇక్కడ ఆరనిచ్చి..."

"వద్దు వద్దు! ఆ తడే వాటి బలం. గోడ ఆగిపోయి ఉంది ఇంజనీర్, ఈ పూటే కానిచ్చేయండి."

"మీరు తెచ్చిన స్థితిలో చేయమంటే అలాగే చేస్తాను. కాని తడి ఉంటే..."

"కానిచ్చేయండి!"

మా తమ్ముడు పరీక్ష అంటే ఆమె కూడా వేలితో కొట్టి, చెవి పెట్టి వింటుందనుకున్నాడు. మొదటి ఇటుకను ఇనుప పళ్లేల మధ్య పెట్టి, పై పళ్లేన్ని మెల్లగా దించుతుంటే ముచ్చటగా చూశాడు. టప్పుమని పగిలేసరికి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మనాంగ్, చంపేసింది!" మనాంగ్ అంటే మా భాషలో అక్క.

"పగిలేదాకా చూస్తేనే కదా ఎంత మోసిందో తెలిసేది," అంది ఇంజనీరు.

"ముందే చెప్తే నేను ఇంత మంచివి తెచ్చేవాణ్ణి కాదుగా!"

రెండోదానికి టోపీ తీశాడు. మూడోదానికి శిలువ గుర్తు వేసుకున్నాడు. నాలుగు, అయిదు జరిగేటప్పుడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కోడి మాత్రం అన్నీ చూసింది.

ఆమె లెక్కలు చూసుకుని చెప్పింది: "నాలుగు వందల తొంభై, అటూ ఇటూ ముప్పై."

మా తమ్ముడు వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. "తొంభై, ముప్పై... అయిదు వందల ఇరవై! పాసు! మనాంగ్, పాసయ్యాం!"

"ఆగండి నోంగ్, దాని అర్థం అది కా..."

జీప్నీ హారను కొట్టింది. మా తమ్ముడు కాగితం గుండెలకు హత్తుకుని పరిగెత్తాడు. నేను కోడిని పట్టుకుని అతని వెనక పరిగెత్తాను. నా కళ్ల డాక్టరు అలాగే మిగిలిపోయాడు.

ఊళ్లో కపితాన్ కాగితాన్ని దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. కిందున్న గీత మీద వేలు పెట్టాడు. "ఇది తీసివేత. నాలుగు వందల తొంభైలోంచి ముప్పై తీసేస్తే నాలుగు వందల అరవై. తప్పింది."

"దాని పైన కూడిక ఉంది చూడు కప్!"

"పైనున్నది శిలువ. భక్తి కొద్దీ వేసుంటుంది."

అదిగో, అక్కడ చీలింది ఊరు. మెల్చోర్ స్నేహితులు, బెర్తోల్దో మేస్త్రీ, కూలి దొరికినవాళ్లు కూడిక పార్టీ. కపితాన్ మనుషులు, కడుపుతో ఉన్న ఆడవాళ్ల తల్లులు, పూర్వం మా తమ్ముడి దగ్గర పందికొట్టం కట్టించుకున్నవాళ్లు తీసివేత పార్టీ. నేను ఆకుల్లో చుట్టిన ఇబోస్ అమ్ముకునేదాన్ని. తియ్యటి జిగురన్నం రెండు పార్టీలకూ ఇష్టమే. అందువల్ల పొద్దున కూడిక బల్ల దగ్గర కూడిక, సాయంత్రం తీసివేత బల్ల దగ్గర తీసివేత. వ్యాపారమన్నాక తప్పదు.

పోను పోను ఆ మాట ఇళ్లల్లోకి దూరింది. చేపలమ్మే లూపింగ్ త్రాసు ఎత్తి, "కిలో, అటూ ఇటూ పావు," అనేది.

"ఆ పావు ఎప్పుడూ నీ వైపే ఉంటుందేం? ఒక్కనాడైనా నా వైపు రాదా?" అని కొన్నవాళ్లు కొట్లాడేవాళ్లు.

మొగుళ్లు ఇంటికి ఆలస్యంగా వచ్చి, "ఆరింటికొస్తానన్నాను, అటూ ఇటూ," అన్నారు. పెళ్లాలు అన్నం కుండ చూపించి, "ఇద్దరికి సరిపడా వండాను, అటూ ఇటూ ఒకరు," అన్నారు. చివరికి చర్చిలో పాపాలు చెప్పుకునే చోట ఎవడో, "మూడుసార్లు ఫాదర్, అటూ ఇటూ రెండు," అన్నాట్ట. ఫాదరు ప్రసంగంలోనే చెప్పేశాడు. దేవుడి దగ్గర అటూ ఇటూ ఉండవు, నికరంగా చెప్పండి అని. పేరు చెప్పలేదు గాని జనం అంతా చేపల లూపింగ్ మొగుడి వైపే చూశారు.

నవ్వులు మాకు. మెల్చోర్‌కు కాదు. కపితాన్ గడువు పెట్టాడు, వచ్చే శనివారం గోడ పగలాలని. అసలే కోపిష్టి మనిషి, అన్నమాట మీద నిలబడేవాడు. మా తమ్ముడి పార్టీ ఎంత అరిచినా, ఊరి పెద్ద ఒప్పుకోకుండా గోడ మీద ఇంకో వరస లేవదు. కల్లు తాగడం మానేశాడు వాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేవాడు. ఒక మధ్యాహ్నం చూస్తే సుత్తి పట్టుకుని గోడ ముందు నిలబడి ఉన్నాడు. ఎలా ఉంటుందో అలవాటు చేసుకుందామని కాబోలు. ఎత్తాడు. దించాడు. గోడ మీదకు పాకుతున్న చీమను వేలితో తీసి పక్కన పెట్టాడు.

క్రిసాంతా అది చూసింది. ఇంట్లోకి పోయి, పట్నానికి ఫోను చేసి, ఇంజనీరునే పిలిచింది. "ఆ గుర్తు రాసింది నువ్వే కదమ్మా. నువ్వే వచ్చి దాని అర్థం చెప్పు. ఇక్కడ మొగాళ్లు తలా ఒక అర్థం చెప్పుకుంటున్నారు. శనివారానికి ముందే రా. శనివారమైతే చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే."

ఇంజనీర్ జోవెలిన్ శుక్రవారం జీప్నీలో దిగింది. టార్పాలిన్ పట్టా కింద కుర్చీలు వేశారు. కూడిక వాళ్లు ఎడం పక్క, తీసివేత వాళ్లు కుడి పక్క, పెళ్లిలో పిల్ల తరఫువాళ్లూ పిల్లాడి తరఫువాళ్లూ కూర్చున్నట్టు కూర్చున్నారు. ఎవరెంత కోపంగా ఉన్నా, "రా ఇంజనీర్, ముందు తిందాం," అనే మాట మాత్రం రెండు వైపులా అన్నారు. తిన్నాం. తిన్నాక కపితాన్ లేచాడు.

"ఇంజనీర్, ఎక్కువ మాటలొద్దు. ఒక్క ముక్క చెప్పు. కూడికా, తీసివేతా?"

"రెండూ కాదు కప్."

ఆ మాటతో రెండు పార్టీలూ మొదటిసారి ఏకమయ్యాయి. అందరూ ఆమె మీదే విరుచుకుపడ్డారు. రాసేటప్పుడు రెండూ రాసి ఇప్పుడు రెండూ కాదంటావా అని లూపింగ్ చేపల కత్తి చేత్తో లేచింది. చేపలు కోస్తూ కోస్తూ వచ్చిందిలెండి, చంపడానికి కాదు.

ఇంజనీరు సంచిలోంచి కొలత టేపు తీసింది. "లోలా పాజ్, ఒకసారి లేచి నిలబడతారా?"

లోలా పాజ్ అంటే నేనే. నిలబడ్డాను. "కప్, ముందు మీరు లోలా ఎత్తు కొలవండి. ఎంతొచ్చిందో నాకు చెవిలో చెప్పండి."

కపితాన్ టేపు పట్టుకుని, ఉరి తాడు బిగించినట్టు లాగి కొలిచాడు. తర్వాత మా తమ్ముడు కొలిచాడు. వాడు నా కొప్పు కూడా కలుపుకున్నాడు. మా అక్క పొడుగని చిన్నప్పటినుంచీ చెప్పుకునే వాడు, తగ్గించి చెప్పడానికి మనసు రాదు. తర్వాత క్రిసాంతా. ఆమె నా జోళ్లు విప్పించి, గడ్డం పైకెత్తి, "ఊపిరి ఆపు మనాంగ్," అని కొలిచింది. ఊపిరికీ ఎత్తుకూ ఏం సంబంధమో నాకు తెలియదు. ఆపాను.

ఇంజనీరు మూడు కొలతలూ పైకి చదివింది. ఒకదానికొకటి సరిపోలేదు.

"అదేంటి? ఒక్కదాన్ని నిలబడితే ముగ్గురు ముసలమ్మలొచ్చారు!" అన్నాను.

"నీది తప్పు!" అన్నాడు కపితాన్ మా తమ్ముడితో.

"నీకు టేపు పట్టుకోవడం రాదు కప్, పీక పట్టుకోవడమే వచ్చు!"

"చూశారా," అంది ఇంజనీరు, "లోలా పెరగలేదు, కుంచించుకుపోలేదు. లోలా ఎత్తు ఒక్కటే. ఎంతో ఒకంత ఉంది. కాని మన టేపుతో, మన చేతులతో, మన కళ్లతో అది నికరంగా పట్టుబడదు. ఈ కొస నుంచి ఆ కొస మధ్యలో ఎక్కడో ఉందని మాత్రం చెప్పగలం. నేను రాసిన అటూ ఇటూ అదే. అది ఇటుక గుణం కాదు, నా కొలత గుణం. నా యంత్రం కూడా మనిషి చేసిందే. ఇటుక పెట్టడంలో ఒక వెంట్రుకవాసి తేడా, పై పళ్లెం దించే వేగంలో కొంచెం తేడా, అయిదు ఇటుకలు ఒకదానికొకటి తేడా. అవన్నీ కలిపితే ముప్పై. మీ ఇటుకల బలం నాలుగు వందల అరవైకీ అయిదు వందల ఇరవైకీ మధ్య ఉంది. ఎక్కడుందో నాకు తెలియదు. మీకు నచ్చిన కొస ఏరుకోవడానికి అది పళ్ల బుట్ట కాదు."

బెర్తోల్దో మేస్త్రీ అడిగాడు. "అంటే పాసా, ఫెయిలా?"

"చెప్పలేను అని అర్థం. అయిదు వందల గీత ఆ రెండు కొసల మధ్యలో పడింది. అలా పడితే మళ్లీ కొలవాలి, ఇంకొన్ని ఎక్కువ ఇటుకలతో." ఆమె మా తమ్ముడి వైపు తిరిగింది. "నోంగ్, ఆ రోజు ఇటుకలు తడిగా ఉన్నాయి. వాన తడే అనుకున్నాను. ఎంత తడి అది?"

"వాన కాదు ఇంజనీర్," అన్నాడు మా తమ్ముడు ఛాతీ విరిచి, "డ్రమ్ములో ముంచాను. ముందు రోజు పొద్దున్నుంచీ. జీప్నీ వచ్చేదాకా."

ఇంజనీరు కుర్చీలో కూర్చుండిపోయింది. నవ్వు ఆపుకోలేక ముడి వేసిన జుట్టు ఊడిపోయింది. "అయ్యో నోంగ్! కొత్తగా పోసినప్పుడు నీళ్లు బలమే. గట్టిపడ్డాక నీళ్లు తాగి ఉన్న ఇటుకను నొక్కితే, ఆరిన ఇటుక కంటే ముందే పగులుతుంది. ఆ మాటే చెప్పబోయాను, మీరు చెప్పనిస్తేగా!"

క్రిసాంతా లేచింది. అందరి ముందూ, మెల్లగా, ప్రతి మాటా వినపడేలా అడిగింది. "అంటే నా ఇటుకలను ఈయనే ముంచాడా?"

"కొంతవరకు," అంది ఇంజనీరు.

"అటూ ఇటూ ఎంత?" అన్నాడు తీసివేత పార్టీ లోంచి ఎవడో. రెండు పక్కలా నవ్వారు. మా తమ్ముడు మాత్రం టోపీ ముందుకు లాక్కున్నాడు.

ఈసారి ఇటుకలు ఎంచేది మెల్చోర్ కాదని ఇంజనీరు గట్టిగా చెప్పింది. గోడలోకి వెళ్లిన కుప్పలోంచే తీయాలి, ఏది తీయాలో ఎవరి ఇష్టమూ ఉండకూడదు అంది. కల్లు బల్ల దగ్గరి పేకముక్కలు తెప్పించింది. ఒక ముక్క తీస్తే ఎన్నో వరస, ఇంకో ముక్క తీస్తే ఆ వరసలో ఎన్నో ఇటుక. ముక్కలు కలిపింది కపితాన్. తీసింది నేను. మా తమ్ముడు కుప్ప చుట్టూ తిరుగుతూ గింజుకున్నాడు.

"అది వద్దమ్మా, దాని మూల విరిగింది."

"గోడలో పెట్టరా దాన్ని?" అని అడిగింది ఇంజనీరు.

"పెడతాను. లోపలి వైపు."

"అయితే పరీక్షకూ వస్తుంది."

"అయ్యో, ఇది పిల్లి నడిచింది! పచ్చిగా ఉన్నప్పుడు పిల్లి నడిచింది, చూడు అడుగులు! దీన్ని పట్నం తీసుకెళ్తే మన పరువేం కాను?"

"పిల్లి పేరు కూడా రాస్తాలే నోంగ్," అంది ఇంజనీరు.

ఎంచినవన్నీ పొడి గోనెల్లో కట్టి తీసుకెళ్లింది. పట్నంలో నీడన ఆరబెట్టి, తీరిగ్గా పరీక్షిస్తానంది. కపితాన్ గడువు పొడిగించాడు. ఇష్టంగా కాదు, "చెప్పలేనంటే నేనేం చెప్పను?" అని గొణుక్కుంటూ పొడిగించాడు. జీప్నీ కదులుతుంటే మా తమ్ముడు వెనక నాలుగడుగులు నడిచి, గోనెల్లో ఉన్నవాటితో, "భయపడకండి," అన్నాడు. నేను విన్నాను.

ఆ రోజులు ఎలా గడిచాయంటే, పార్టీలు ఉండీ లేనట్టయ్యాయి. ఎవరూ గెలవలేదని తెలిశాక కొట్లాడుకోవడానికి హుషారు ఉండదు. బల్లలు మళ్లీ దగ్గరకు జరిగాయి. మెల్చోర్ మాత్రం గోడకు వీపు ఆనించడం మానేశాడు. కాఫీ తెచ్చుకుని కాస్త దూరంలో కూర్చునేవాడు. మాట ఖాయం కాని సంబంధం వారి ఇంటి ముందు కూర్చున్నట్టు.

ఇంజనీరు మళ్లీ వచ్చింది. కాగితం చేతికిస్తే మళ్లీ ఏం చేసుకుంటారోనని భయం కాబోలు, తానే వచ్చింది. జనమంతా గోడ దగ్గరే చేరారు. రొసెందా నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చి, ఇటుకల కుప్ప మీద కూర్చుంది.

"అయిదు వందల ముప్పై అయిదు," అంది ఇంజనీరు. "అటూ ఇటూ ముప్పై."

మా తమ్ముడు వేళ్లు తీశాడు గాని, ఈసారి కపితాన్ ముందే లెక్క చేశాడు. "తీసివేత కొసన... అయిదు వందల అయిదు."

"అవును కప్. కింది కొస కూడా గీత దాటింది. దీన్ని పాసు అంటాం."

బెర్తోల్దో కేక పెట్టాడు. క్రిసాంతా కళ్లు తుడుచుకుంది. మెల్చోర్ కదలకుండా కపితాన్ మొహం వైపే చూస్తున్నాడు. కపితాన్ మొహం ఇంకా విప్పారలేదు.

"ఒక్క మాట ఇంజనీర్. అసలు బలం ఆ అయిదు వందల అయిదు కంటే ఇంకా కింద ఉండే వీలు లేనే లేదా?"

"ఉంది," అంది ఆమె.

"ఇంజనీర్!" అని మా తమ్ముడు దాదాపు ఏడ్చాడు. "పాసన్నాక ఎందుకమ్మా ఆ మాట?"

"అడిగారు, చెప్పాను. ఇలాంటివి నేను వంద కాగితాలు రాస్తే, వాటిలో ఓ రెండు మూడింటికి అసలు బలం నేను చెప్పిన కింది కొస కంటే కిందకి జారొచ్చు."

"అనుమానమే లేకుండా, నికరంగా రాసివ్వలేవా?"

"లేను కప్. అలా రాసిచ్చేవాడెవడైనా మీ ఊరొస్తే, వాడి దగ్గర ఇటుక కొనకండి."

కపితాన్ గోడ దగ్గరికి వెళ్లాడు. అరచెయ్యి పెట్టి చూశాడు. భుజం ఆనించి తోశాడు, మొహం ఎర్రబడేదాకా తోశాడు. గోడ తన పని తాను చూసుకుంటోంది. కపితాన్ ఆగి, ఇటు తిరిగి, "వందలో రెండు మూడు..." అన్నాడు. మళ్లీ గోడ వైపు చూశాడు.

రొసెందాకు ఓపిక అయిపోయింది. "నాన్నా, నన్ను వాడికిచ్చేటప్పుడు వందలో ఎన్ని చూసుకుని ఇచ్చావు?"

ఆమె మొగుడు అక్కడే నిలబడి ఉన్నాడు, పాపం. కపితాన్ అల్లుణ్ణి తలనుంచి పాదాల దాకా చూశాడు. అతను టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"నలభై," అన్నాడు కపితాన్. "యాభై కూడా ఉండొచ్చు."

"మరి?"

కపితాన్ పెద్దగా నిట్టూర్చాడు. "బెర్తోల్దో! చూస్తావేం, సిమెంటు మాలు కలుపు."

మా తమ్ముడు నిలబడ్డ చోటే కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు. క్రిసాంతా వెళ్లి వాడి చేతికి పార ఇచ్చింది. "ఏడుపు తర్వాత. ఇసుక తెచ్చిపెట్టు." వాడు లేచి తెచ్చాడు. ఆ రోజు మాత్రం అతను ఒక్క ఇటుకనూ కొట్టి వినలేదు.

కపితాన్ ఇంటికి పోలేదు. ప్యాంటు పైకి మడిచి, కుప్పలోంచి ఇటుకలు ఒక్కొక్కటి తీసి, చేత్తో బరువు చూసి, అటు తిప్పి, ఇటు తిప్పి మేస్త్రీకి అందించాడు. మూల విరిగింది వస్తే ఒకసారి ఇంజనీరు వైపు చూసేవాడు. ఆమె తల ఊపేది. అందించేవాడు. సాయంత్రానికి గోడ కిటికీ దాటింది.